పిల్లలతో ప్యాక్‌రాఫ్టింగ్

మడిచి వీపు సంచిలో పెట్టుకోగల గాలి పడవ ప్యాక్‌రాఫ్ట్. బరువు సుమారు 2–3 కిలోలు. కాలిబాట ఏటి ఒడ్డున ఆగగానే పల్చటి నైలాన్ సంచిలో గాలి పట్టి, మూతి బిగించి, పడవలోకి నొక్కుతారు. కొన్ని నిమిషాల్లో పడవ సిద్ధం.

అలాస్కాకు చెందిన ఎరిన్ మెకిట్రిక్, బ్రెట్‌వుడ్ హిగ్‌మన్ దంపతులు 2013లో ఇద్దరు పసిపిల్లలతో కుక్ ఇన్‌లెట్ తీరం వెంట దాదాపు 1,300 కిలోమీటర్లు నడుస్తూ, తెడ్డు వేస్తూ సాగారు.

అంత సాహసం అందరికీ అక్కర్లేదు. నిలకడ నీరు, కొద్దిపాటి నడక చాలు. బిడ్డను ముందువైపు, పెద్దవాళ్ల కాళ్ల మధ్య కూర్చోబెడతారు. లైఫ్ జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఉండి తీరాలి. చన్నీళ్లలో తడిస్తే పసి ఒళ్లు పెద్దలకంటే త్వరగా చల్లబడుతుంది కాబట్టి పొడిబట్టలు నీరు చొరని సంచిలో ఉంచుకోవాలి. ఒడ్డు నుంచి లోపలికి గాలి వీస్తుంటే ఇంత తేలిక పడవ సరస్సు మధ్యకు కొట్టుకుపోతుంది. అలాంటి రోజు నడకతోనే సరిపెట్టుకోవడం మంచిది.