వేషధారి

తెలుగు బైబిలులో యేసు పరిసయ్యుల్ని వేషధారులంటాడు. మూల గ్రీకులో ఆ మాట ‘హుపొక్రితేస్’. నాటకంలో ముసుగు తొడుక్కుని పాత్ర వేసే నటుడన్నమాట. వేషం కట్టేవాణ్ణి వేషగాడనే మన వాడుకకు ఎంత దగ్గరో! అనువదించినవారికి దండం పెట్టాలనిపిస్తుంది. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు ప్రేమకు చేర్చిన విశేషణం సరిగ్గా దీనికి వ్యతిరేకం: ‘అనుపొక్రితోస్’, వేషం లేనిది. తెలుగులో ‘నిష్కపటమైన’ అన్నారు. అర్థం నిలిచింది, రంగస్థలం జారిపోయింది.

మా అమ్మమ్మకు ఈ గ్రీకేదీ తెలీదు. తనతో మాటల్లేని ఎదురింటావిడ టైఫాయిడ్‌తో మంచం పడితే రోజూ గంజి కాచి తీసుకెళ్లేది. వేడి గిన్నె కొంగుతో పట్టుకుని, ఊదుతూ, చెంచాతో తాగించేది. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నప్పుడు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు.