కర్వే సభ, తెలుగు బడి: చాదర్‌ఘాట్ స్త్రీ విద్యపై ఒక పునఃపరిశీలన

తెలంగాణ చరిత్ర చదివినవారికి 1921 నవంబరు నాటి ఘట్టం కంఠోపాఠమే. వివేకవర్ధని థియేటర్లో సంఘ సంస్కరణ మహాసభ జరగడం, ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల కావడం, ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో ఆంధ్ర జనసంఘం పుట్టడం. పోటీ పరీక్షల గైడ్ల దాకా ఈ వరుస మారదు. సభాధ్యక్షుడెవరని అడిగితే ‘కర్వే’ అని టిక్కు పెట్టి ముందుకు సాగిపోతాం. ఆయన అక్కడికి ఎందుకు వచ్చినట్టు? సభ దేనికి పెట్టినట్టు? ఈ రెండు ప్రశ్నలూ వేయకపోవడం వల్లే తెలంగాణ స్త్రీల చరిత్ర తప్పుదారి పట్టిందని నా అభియోగం.

ధోండో కేశవ కర్వే 1893లో వితంతువును పెళ్లాడి సొంతవాళ్ల చేత వెలివేయించుకున్న మనిషి. 1896లో పుణెలో వితంతువులకు ఆశ్రమం పెట్టారు. 1916లో దేశంలోనే మొదటి మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. ఆ విశ్వవిద్యాలయానికి పునాది సూత్రం ఒకటుంది: ఆడపిల్లలకు చదువు మాతృభాషలోనే చెప్పాలి. అలాంటివాడు అధ్యక్ష స్థానంలో ఉండగా మాతృభాషలో మాట్లాడబోయిన వకీలును గేలి చేశారు. ఇందులోని వెటకారం మన చరిత్రకారుల్లో ఎవరికీ తట్టినట్టు లేదు. వాళ్లకు కావలసింది తెలుగుకు జరిగిన అవమానం. సభకు వచ్చిన అసలు సంగతి స్త్రీల బతుకు అన్నది నేపథ్యంలో తెరగుడ్డగా మిగిలింది.

ఇందుకు మాడపాటి హనుమంతరావును నిలదీయక తప్పదు. ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’ రాసిన చేయి ఆయనది. తర్వాతివారంతా దాన్నే తవ్వుకున్నారు. ఆ పుస్తకం వేసిన బాటలో ఉద్యమమంటే భాష, గ్రంథాలయం, వెట్టి, మహాసభలు. స్త్రీలు మహాసభల పక్కన మరో పందిరి. కానీ మాడపాటి చేసిన పని మాడపాటి రాసినదానికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. 1928లో నారాయణగూడలో ఆయన తలపెట్టిన బాలికోన్నత పాఠశాలను దగ్గరనుంచి చూస్తే ఉద్యమ చరిత్ర తలకిందులవుతుంది.

ముందు ఆ బడి లేచిన చాదర్‌ఘాట్ వైపు అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఇవాళ మనకది మూసీ మీద ఒక వంతెన, ఒక మెట్రో మలుపు. 1886 నుంచి 1933 దాకా మాత్రం అది పాతనగరానికి వేరుగా పాలించుకున్న మునిసిపాలిటీ. మూసీ ఉత్తరపు ఒడ్డున ఆబిడ్స్, నాంపల్లి వైపంతా జనం నోట చాదర్‌ఘాటే. రెసిడెన్సీ బజారు అయితే 1933 దాకా బ్రిటిషు అధికారం కింద ఉండేది. నగరంలో ఆడపిల్లల బళ్లు ఎక్కడ లేచాయో చూడండి. స్టాన్లీ బాలికల పాఠశాల 1895లో, మహబూబియా 1907లో, నాంపల్లి మహిళా కళాశాల 1924లో. అన్నీ నదికి ఇవతలే. ఒకే దొరతనం గాని, ఒకే తీరు కట్టుబాట్లు గాని లేని ఈ నేల మీదే ఆడపిల్ల పరదా బండి దిగి తరగతి గదిలోకి నడవగలిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం తరగతులు 1919లో మొదలైంది కూడా ఈ వైపునే.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఉస్మానియా బోధన ఉర్దూలో. స్టాన్లీ, మహబూబియాలలో ఇంగ్లీషు. తెలుగింటి పిల్ల తెలుగులో పైతరగతులు చదివి మెట్రిక్ దాకా పోవాలంటే దారి లేదు. తెలుగులో చదువు చెప్పే ఉన్నత పాఠశాలకు ఉస్మానియా గుర్తింపు ఇవ్వదు. గుర్తింపు లేని బడికి తండ్రి పిల్లను పంపడు. కొడుకునైతే ఉర్దూలో చదివించి సర్కారు కొలువుకు పంపుతాడు, నష్టం లేదు. కూతురికి కొలువు లెక్క లేదు కాబట్టే భాష లెక్కలోకి వచ్చింది. ఈ ముడి విప్పడానికి నారాయణగూడ బడి పెద్దలు ఎక్కడికి పోయారు? పుణెకు. బడిని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. నిజాం రాజ్యంలో ఉండి, నిజాం విశ్వవిద్యాలయాన్ని దాటేసి, పరాయి రాష్ట్రపు పరీక్షకు తెలుగులో చదివిన పిల్లలను కూర్చోబెట్టారు. ఏడేళ్ల కిందట ఏ పెద్దమనిషి సభలో తెలుగు నవ్వులపాలైందో ఆ పెద్దమనిషి విశ్వవిద్యాలయమే తెలుగుకు పట్టా ఇచ్చింది. మగవాళ్ల చదువుకు ఇలాంటి వెసులుబాటు ఎవరూ వెతకలేదు. నగరంలో తెలుగు ఇంటి భాష దశ దాటి పరీక్ష భాష అయిందంటే అది అబ్బాయిల బెంచీల మీద కాదు.

ఆ బడి మొదలైన రెండేళ్లకు, 1930లో, జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ, దాని పక్కన నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళా సభ జరిగాయి. తర్వాత మహిళా సభ అధ్యక్ష స్థానంలో ఖమ్మంలో 1934లో ఎల్లాప్రగడ సీతాకుమారి, సిరిసిల్లలో 1935లో మాడపాటి మాణిక్యమ్మ, నిజామాబాదులో 1937లో నందగిరి ఇందిరాదేవి. వీరిలో ఎక్కువమంది నగరంలో కాపురమున్నవారే. ఆంధ్ర యువతీ మండలి 1935లో నగరంలోనే పుట్టింది. పల్లెలో సభ, పట్నంలో పునాది. ఈ లెక్కన మహిళా సభను మహాసభకు తోకగా చెప్పే అలవాటు మానుకోవాలి. తెలుగులో ఆలోచించి తెలుగులో సభ నడిపే అధ్యక్షురాళ్లను తయారుచేసిన పర్యావరణం ముందు, మహాసభ తర్వాత.

భాగ్యరెడ్డి వర్మ 1910లోనే ఇసామియా బజారులో ఆది హిందువులుగా పిలుచుకున్న దళితుల పిల్లలకు తెలుగు బడి తెరిచి జోగిని ఆచారంపై పోరాడారన్నది నా వాదనను కొంత ఇరుకున పెడుతుంది గాని, అది ఉన్నత పాఠశాల మాట కాదు.

నాంపల్లి నుంచి మొదలై కోఠి రెసిడెన్సీ భవనంలోకి 1949లో వచ్చిన మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తి ఐలమ్మ పేరుకు నేను వంక పెట్టను. కానీ తెలంగాణ స్త్రీ అనగానే పొలం, దొర, పోరాటం తప్ప మరేదీ తోచకపోవడం మన పరిశోధకులు మప్పిన అలవాటే. కొడవలి పట్టిన చేతికి పుస్తకాల్లో చోటు దొరికింది, పలక పట్టిన చేతికి దొరకలేదు. ఆంధ్రోద్యమ చరిత్రను ఇకపై టేకుమాల రంగారావు ఇంటి నుంచి కాక, నారాయణగూడ బడి హాజరు పట్టీల నుంచి మొదలుపెట్టి రాయాలి.