కవర్‌కు డబ్బులు తీసుకోవచ్చా? తాబేలు దేవుడి ఊరు శ్రీకూర్మం నుంచి లండన్ దాకా.. రూల్స్ ఇవీ!

శ్రీకాకుళం జిల్లా గార మండలం శ్రీకూర్మం. విష్ణుమూర్తి కూర్మావతారంలో పూజలందుకునే క్షేత్రం. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను కూడా చూడొచ్చు. ఇదే మండలంలోని కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. ఈ జిల్లా తీరానికి ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కాలువలో పడేసిన పల్చటి కవర్ నది దాటి సముద్రంలోకి చేరితే.. నీళ్లలో తేలుతూ జెల్లీఫిష్‌లా కనిపిస్తుంది. తాబేలు దాన్ని తిండి అనుకుని మింగేస్తుంది. అందుకే కొట్లో ఫ్రీగా ఇచ్చే కవర్ నిజానికి ఫ్రీ కాదు.

కవర్‌కు రేటు పెడితే వాడకం తగ్గుతుందా?

తగ్గింది. ఐర్లాండ్ 2002 మార్చిలో ఒక్కో ప్లాస్టిక్ బ్యాగ్‌పై 15 సెంట్ల పన్ను వేసింది. అంతకుముందు ఒక్కో మనిషి ఏడాదికి సుమారు 328 బ్యాగులు వాడేవాడు. పన్ను తర్వాత అది 21కి పడిపోయింది. ఇంగ్లండ్‌లో 2015 అక్టోబర్‌లో 5 పెన్నీలతో మొదలైన ఛార్జీ 2021 మేలో 10 పెన్నీలైంది. లండన్‌లో ఉండే మనవాళ్లు కూడా సంచి పట్టుకునే షాపింగ్‌కి వెళ్తున్నారంటే కారణం ఇదే.

మన దేశంలో ఏం జరిగింది?

* 2011: క్యారీ బ్యాగ్ ఫ్రీగా ఇవ్వకూడదని కేంద్రం రూల్ తెచ్చింది. కనీస మందం 40 మైక్రాన్లు.
* 2016: మందం 50 మైక్రాన్లకు పెరిగింది. ప్లాస్టిక్ కవర్లు ఇచ్చే షాపులు, తోపుడు బండ్ల వాళ్లు స్థానిక సంస్థ దగ్గర రిజిస్టర్ చేసుకుని నెలకు కనీసం 4 వేలు, అంటే ఏడాదికి 48 వేల రూపాయలు కట్టాలన్నారు.
* 2018: ఈ ఫీజు రూల్‌ను తీసేశారు. కూరగాయల బండి వాళ్లకు 48 వేలు అంటే మాటలు కాదు కదా!
* 2021 సెప్టెంబర్ 30: కనీస మందం 75 మైక్రాన్లు.
* 2022 డిసెంబర్ 31: 120 మైక్రాన్లు. ఇప్పుడు ఇదే అమల్లో ఉంది.

మందం పెంచితే లాభమేంటి?

పల్చటి కవర్ గాలికి ఎగిరిపోతుంది. ఎన్ని ఏరినా కిలో తూగదు కాబట్టి చెత్త ఏరుకునేవాళ్లు కూడా ముట్టుకోరు. మందంగా ఉంటే మళ్లీ మళ్లీ వాడొచ్చు, రీసైక్లింగ్‌కీ పనికొస్తుంది. పైగా ఖరీదెక్కువ కాబట్టి కొట్టువాళ్లు అడిగిన ప్రతివాళ్లకీ ఊరికే ఇవ్వరు. అంటే పన్ను వేయకుండానే రేటు పెంచడం అన్నమాట. అయితే ఐర్లాండ్‌లో కవర్‌పై వసూలైన డబ్బు పర్యావరణ నిధికి వెళ్లేది. ఇక్కడ మీరిచ్చే డబ్బు షాపు లెక్కలోకే పోతుంది.

మరి షాపులో డబ్బులు అడిగితే?

బిల్లింగ్ కౌంటర్ దాకా వచ్చాక, ముందస్తు సమాచారం లేకుండా క్యారీ బ్యాగ్‌కు డబ్బులు వేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబర్‌లో తేల్చింది. అంతకుముందు 2019లో చండీగఢ్‌లో 3 రూపాయల పేపర్ బ్యాగ్ కేసులో ఓ షోరూమ్‌కు మొత్తం 9 వేల రూపాయలు కట్టాలని వినియోగదారుల ఫోరం ఆదేశించింది.

ఇవి గుర్తుపెట్టుకోండి

* బ్యాగ్ రేటు ముందే కనిపించేలా రాశారా? చూడండి.
* ప్లాస్టిక్ కవర్‌కు సంబంధించి తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, మందం వివరాలు ఇవ్వాలి.
* గుడ్డలా కనిపించే నాన్ ఓవెన్ సంచులూ ప్లాస్టిక్కే. అవి 60 జీఎస్‌ఎంకు తగ్గకూడదు.
* ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

డోలోత్సవానికి శ్రీకూర్మం వెళ్లినా, సంతకు వెళ్లినా ఓ గుడ్డ సంచి మడిచి బండి డిక్కీలో పెట్టుకుంటే చాలు. కవర్‌కు డబ్బులివ్వాల్సిన పనే ఉండదు. తీరానికి వచ్చే తాబేళ్లకూ ముప్పు తగ్గుతుంది.