జూమ్ లెన్స్, ప్రైమ్ లెన్స్

నాభ్యంతరాన్ని మార్చుకోగల కెమెరా లెన్స్ జూమ్. ఒకే నాభ్యంతరం గలది ప్రైమ్. 35 మి.మీ. స్టిల్ కెమెరాలకు తొలి జూమ్ 1959 నాటి ఫోక్ట్‌లెండర్ జూమార్. దాని పరిధి 36–82 మి.మీ.

రెంటి మధ్య ఎంపికను తరచూ వెలుతురే తేలుస్తుంది. హిందూపురానికి సుమారు 15 కి.మీ. దూరంలోని లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దపు విజయనగర కట్టడం. దాని మండపాల కప్పు మీది వర్ణచిత్రాలు మసక వెలుతురులో ఉంటాయి. ఎఫ్/1.8 అపర్చర్ గల 50 మి.మీ. ప్రైమ్, అదే నాభ్యంతరంలో ఎఫ్/5.6 వద్ద ఆగిపోయే మామూలు 18–55 జూమ్ కన్నా దాదాపు 10 రెట్లు కాంతిని రానిస్తుంది. సెకనులో 10వ వంతు పట్టే షట్టర్ 100వ వంతుకు తగ్గుతుంది. చేతి వణుకు బొమ్మను చెరపదు. అయితే చిత్రం మొత్తం పట్టాలంటే వెనక్కి జరగాలి, స్తంభాలు అడ్డొస్తాయి.

లేపాక్షిలోనే ఆరుబయట ఎండలో ఉన్న ఏకశిలా నందికి ఈ చిక్కు లేదు. విగ్రహమంతా, మెడలోని గంటల చెక్కడమూ ఒకే జూమ్‌లో, నిలుచున్నచోటి నుంచే వస్తాయి. పెనుకొండ కోట ఎక్కేటప్పుడూ అంతే: ఒక్క జూమ్ చాలు కనుక బరువు తక్కువ, లెన్స్ మార్చే పని లేదు కనుక సెన్సర్ మీద దుమ్ము పడే అవకాశమూ తక్కువ.

ధర్మవరం పట్టుచీర జరీ అంచు వేరే పరీక్ష. చాలా జూమ్‌లు కనిష్ఠ నాభ్యంతరం వద్ద సరళరేఖలను వంచుతాయి. నేత పోగులకు అతి దగ్గర నుంచి తీయగల 1:1 మాక్రో ప్రైమ్ తగినది.