మెతక మనిషి పందెం వేస్తే

పోయినసారి మా గూడ్స్ ఆఫీసు రోజుల గురించి రాస్తూ దీపావళి పేకాట అని ఒక్క మాట అని వదిలేశాం. ఆ కథేమిటని కొందరు అడిగారు. చెబుతాం. కానీ అది అమెరికా దాకా పోతుంది, ఓపిక పట్టాలి. బడిలో మేము నేర్చింది తమిళం, తెలుగు రాత పెద్దయ్యాక వచ్చింది. తప్పులుంటే సర్దుకోండి.

క్వార్టర్స్‌లో దీపావళి రాత్రి మూడు ముక్కలాట. మాలో ఒకాయన ఉండేవాడు, వట్టి మెతక. అడిగినంత కడతాడు, లేకపోతే ముక్కలు కింద పెట్టేస్తాడు. పందెం పెంచడం ఆయన పదేళ్లలో మేము చూడలేదు. ఆ రాత్రి పెంచాడు. "ఏం అన్నా, ఇవాళ ధైర్యం వచ్చిందే!" అని నవ్వి మేమూ పెంచాం. మళ్ళీ పెంచాడు. పండుగ అడ్వాన్సులో మిగిలిందంతా పెట్టి ముక్కలు చూపించమన్నాం. మూడు రాజులు! పిల్లల టపాసుల బాకీ జీతం వచ్చాకే తీర్చాం. ఎందుకు ఆలస్యమైందో ఇంట్లో చెప్పలేదు.

ఎప్పుడూ పందెం వేయని మనిషి ఉన్నట్టుండి వేస్తే ఏం చేయాలి? ఈ ప్రశ్ననే జీవనంగా పెట్టుకున్న ఊరు ఒకటి ఉండేది. లాస్ ఏంజెలెస్ పక్కన గార్డెనా. కాలిఫోర్నియా చట్టంలో స్టడ్ పోకర్‌కు నిషేధం ఉండేది, చేతి ముక్కలు మార్చుకునే డ్రా పోకర్‌కు మాత్రం స్థానికంగా ఒప్పుకుంటే అడ్డు లేదు. 1936లో ఎర్నెస్ట్ ప్రిమ్ అనే ఆయన అక్కడ క్లబ్బు తెరిచాడు. తర్వాత ఎన్నో ఏళ్లు ఆ చిన్న ఊళ్లో ఆరు క్లబ్బులు నడిచాయి. గెలిచిన సొమ్ములో క్లబ్బుకు వాటా లేదు, కుర్చీకి అరగంటకింత అని వసూలు. వచ్చేవాళ్లలో పింఛనుదారులు ఎక్కువ, ఆడవాళ్లూ ఉండేవారు. మనలాంటి వాళ్లే అనుకోండి. డేవిడ్ హయానో అనే మానవశాస్త్రవేత్త వాళ్ల మధ్య కూర్చుని తనూ ఆడుతూ గమనించి, 1982లో 'పోకర్ ఫేసెస్' అనే పుస్తకం తెచ్చాడు.

అక్కడి ఆటలో పందేనికి హద్దు ఉండేది. దాన్నే లిమిట్ అంటారు. మా దీపావళి ఆటకూ దానికీ తేడా అక్కడే ఉంది. తర్వాత వ్యాపించిన హోల్డెమ్ అనే పోకర్‌తో లెక్క చెబుతాం. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. మొదటి రెండు విడతల్లో పందెం 10, చివరి రెండింట్లో 20, అంతకు మించి ఒకేసారి పెంచడానికి లేదు. మొదట నలుగురు కట్టారు, 40. తర్వాత ముగ్గురు, 70. నాలుగో ముక్కకు ఇద్దరు ఇరవేసి పెట్టారు, 110. అయిదో ముక్క పడగానే, అప్పటిదాకా అడిగింది కడుతూ వచ్చిన మెతక మనిషి తానుగా 20 పందెం వేశాడు. నడిమి సొమ్ము 130 అయింది. మనం 20 కడితే మొత్తం 150. అంటే నూటికి 14 సార్లు మన ముక్కలు పైచేయి అయినా కట్టడం నష్టం కాదు. ఆయన పదింట ఎనిమిదిసార్లు నిజంగా గెలిచే ముక్కలతోనే వేసేవాడైనా కట్టవచ్చు. పదింట తొమ్మిదిసార్లు అయితే కింద పెట్టేయాలి. పెంచడం మాత్రం తెలివితక్కువ. తక్కువ ముక్కలుంటే ఆయన తప్పుకుంటాడు, ఎక్కువుంటే మన దగ్గర ఇంకా లాగుతాడు.

అదే పందెం నాలుగో ముక్క దగ్గరే వస్తే లెక్క మారిపోతుంది. ఇప్పుడు 20, అయిదో ముక్కకు ఆయన మళ్ళీ వేస్తే ఇంకో 20. 110 కోసం 40 పెట్టాలి, నూటికి 27 సార్లయినా గెలవాలి. మనిషీ ముక్కలూ అవే, ధర రెండింతలు.

మెతక మనిషి పందేన్ని అంత గట్టిగా ఎందుకు నమ్మాలి? 1944లో గణితజ్ఞుడు జాన్ ఫాన్ నాయ్‌మన్, ఆర్థికవేత్త ఆస్కర్ మార్గెన్‌స్టెర్న్‌తో కలిసి వేసిన ఆటల సిద్ధాంతం పుస్తకంలో పోకర్‌కు ఒక నమూనా ఉంది. అందులో బాగా ఆడేవాడు మంచి ముక్కలతోనూ పందెం వేస్తాడు, అతి చెడ్డ ముక్కలతోనూ అప్పుడప్పుడు వేస్తాడు, నడిమివాటితో ఊరుకుంటాడు. మెతకవాడికి ఆ రెండో సగం, అంటే లేనిది ఉన్నట్టు బొంకడం, చేతకాదు. కాబట్టి ఆయన పందెంలో మిగిలింది మంచి ముక్కలే. ఆ రాత్రి మాకు ఈ పుస్తకం తెలియదు. తెలిసినా నవ్వేవాళ్లమేమో.

కెనడాలో ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని కంప్యూటర్‌కు నేర్పారు. 1998లో వాళ్ల లోకి అనే ప్రోగ్రాం ఎదుటివాడు ఎలా ఆడుతున్నాడో గుర్తుపెట్టుకుని తన ఆట మార్చుకునేది. 2015 జనవరిలో అక్కడే మైకేల్ బౌలింగ్ బృందం, ఇద్దరాడే లిమిట్ హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా సాధించామని 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. 4,800 కోర్లు 68 రోజులకు పైగా లెక్క కట్టాయి. ఆ సెఫియస్‌ను దీర్ఘకాలంలో చెప్పుకోదగ్గంతగా ఓడించడం ఎవరికీ సాధ్యం కాదు. కానీ ఎదుట కూర్చున్నది ఎవరో అది చూడదు. పదేళ్లు నోరు మెదపని మనిషి వేసినా, రోజూ బొంకేవాడు వేసినా దానికి ఒకటే పందెం. ఓడకుండా ఉండడానికి అది చాలు. ఆ మెతకాయన దగ్గర డబ్బు కాపాడుకోవడానికి మాత్రం పాత లోకి పద్ధతే మేలని మా అభిప్రాయం. (డబ్బు పెట్టి ఆడమని ఇది రాయడం లేదు. అలాంటి ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్ర చట్టం నిషేధించింది కూడా.)

ఆయన రిటైరైన రోజు టీ తాగుతూ ఆ మూడు రాజుల మాట ఎత్తాం. ఆయనకు ముక్కలు గుర్తే లేవు. ఆ డబ్బుతో చెల్లెలికి పట్టుచీర కొన్నానని, చీర రంగు మాంబళపు రంగని, అది మాత్రం చెప్పాడు.