స్వరం ఆరిపోయే దాకా

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. గదిలో ఫ్యాన్ కూడా ఆపేశారు. మీరు వినబోయే ఆల్బమ్‌లో కొన్ని శబ్దాలు ఫ్యాన్ చప్పుడుకే మునిగిపోయేటంత చిన్నవి మరి.

మొదట పియానో. రెండు మూడు స్వరాలు కలిసి ఒక్కసారి మోగాయి. తరవాతిది వస్తుందని కాచుక్కూచుంటారు. రాదు. మోగినదే మెల్లగా సన్నబడుతూ ఉంటుంది. తీగ మీద సుత్తి పడ్డ క్షణం నుంచే పియానో స్వరం ఆరిపోవడం మొదలవుతుంది. ముందు పైపై మెరుపు పోతుంది, అడుగున మెత్తటి నాదం మిగులుతుంది. మామూలు పాటల్లో ఈలోపే ఇంకో పది స్వరాలు వచ్చి కప్పేస్తాయి గనక అదంతా మన చెవిన పడదు. ఇక్కడ కప్పేవేవీ లేవు.

సన్నబడే ఆ చోట ఇంకేదో చేరింది. ఎప్పుడు చేరిందో పట్టుకోలేరు. ఏ వాద్యం పోలికా లేని నున్నటి ధ్వని. సైన్ టోన్ అంటారు. తీగ నాదంలో ఉండే పొరలేవీ దీనికి ఉండవు, ఒకే ఒక్క కంపనం. పియానో స్వరానికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు రెండూ కలిసి పెరిగి తగ్గుతూ ఊగుతాయి. శ్రుతి కలిసీ కలవని తంబురా తీగల మధ్య లేచే అల గుర్తొస్తుంది. దాని మీద ఒక చిటుకు. కాసేపాగి మరో చిటుకు. రికార్డింగ్ పాడైందేమో అనుకుంటారు గానీ, ఈ సంగీతంలో తాళం అదే.

ఇది 'వ్రియూన్'. 2002లో రాస్టర్-నోటన్ లేబుల్ మీద వచ్చింది. పియానో జపాన్‌కి చెందిన ర్యుయిచి సకమోటోది. ఎలక్ట్రానిక్స్ జర్మనీకి చెందిన కార్‌స్టెన్ నికొలాయ్‌వి. రికార్డుల మీద ఆయన పేరు ఆల్వా నోటో. సకమోటో వాయించి పంపిన దాన్ని నికొలాయ్ కంప్యూటర్‌లో కోసి, సాగదీసి, ఖాళీల్లో తన శబ్దాలు పెట్టాడు. 'ది లాస్ట్ ఎంపరర్' సంగీతానికి ఆస్కార్ పంచుకున్న సకమోటో ఆర్కెస్ట్రా మొత్తాన్ని కదిలించగలిగినవాడు. అలాంటివాడు ఇక్కడ ఒక మెట్టు నొక్కి, చెయ్యి తీసేసి, మిగతాది ఇంకొకరికి వదిలేశాడు. ఆ నమ్మకమే నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే ఇష్టం. యంత్రం కూడా దానికి తగ్గట్టే నడుచుకుంటుంది. పియానోని ఎక్కడా తరమదు.

ఉన్నవి ఆరు ట్రాకులే. ఐదోది, 'ట్రియూన్ 1', మాత్రం రెండుసార్లు వినండి.

2005లో ఇద్దరూ 'ఇన్‌సెన్' చేశారు, ఆ తరవాత ఇంకా కొన్ని. 2015లో వచ్చిన 'ది రెవెనంట్' సినిమాకి బ్రైస్ డెస్నర్‌తో కలిసి సంగీతం ఇచ్చిందీ వీళ్లే. అందులో డికాప్రియో గాయాలతో మంచులో పాక్కుంటూ వెళ్లడం చూసినవాళ్లంతా ఈ జంటని ఒకసారి విన్నవాళ్లే.