పాలకొల్లు మాండలిన్ నేర్పిన పాఠం

నేను మూడవ తరం ప్రవాసాంధ్రుడను. మా తాతగారు మలయా రబ్బరు తోటలకు కూలిపనికి వెళ్ళినవారు. నా తెలుగు సాయంకాలపు తరగతులలో నేర్చుకొన్నది. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

సౌదీ అరేబియాలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, మన పండుగలకు వాయించే చిన్న వాద్యబృందంలో చాలాకాలంగా హార్మోనియం వాయిస్తున్నాను. ఈ దేశంలో 2016లో ప్రభుత్వ వినోద సంస్థ ఏర్పడింది. 2017లో జెద్దా, రియాద్ నగరాలలో బహిరంగ సంగీత కచేరీలు మళ్ళీ మొదలైనవి. ఆ ఉత్సాహంలో మా మాండలిన్ కుర్రవాడు ఊద్ వాయించే అరబ్బు మిత్రులతో కలసి వాయించసాగాడు. ఉగాది సాధనకు రెండుసార్లు రాలేదు. "మమ్మల్ని వదిలేశావా నాయనా?" అని నలుగురిలో అన్నాను. అతడు బదులు పలకక తల వంచుకొని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు మన మాండలిన్ శ్రీనివాస్ గారి చరిత్ర గుర్తుకువచ్చింది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించారు. తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ అందుకొని పసితనంలోనే వాయించారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. గురువు పాడేవారు, శిష్యుడు విని వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ జరిగింది. ఈ పరదేశీ వాద్యం మీద గమకం పలుకుతుందా అని సందేహించినవారున్నారు. ఆయన జంట తీగల వాద్యాన్ని వదలి, ఐదు ఒంటి తీగలున్న విద్యుత్ మాండలిన్ మీద గమకం పలికించి ఆ సందేహం తీర్చారు.

1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించారు. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలసి 'డ్రీమ్' అనే ఆల్బం చేశారు. 1990ల చివర జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జాకిర్ హుస్సేన్ తబలా ఉన్న 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరారు. అయినా కర్ణాటక కచేరీ మానలేదు. తమ్ముడు రాజేష్‌ను పక్కన కూర్చోబెట్టుకొని జంటగా వాయిస్తూనే వచ్చారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్ళ వయసులో, చెన్నైలో కన్నుమూశారు.

ఆయన కొత్త వారి దగ్గరకు ఖాళీ చేతులతో వెళ్ళలేదు, గురువు పాడి ఇచ్చిన రాగాన్ని వెంట తీసుకువెళ్ళారు. తిరిగి వచ్చినపుడు తన వారి పక్కనే కూర్చున్నారు. విధేయత అంటే ఇదేనని నాకు తోచింది. గడప దాటకపోవడం విధేయత కాదు.

మరొక సంగతి. అరబ్బుల ఊద్ స్పెయిన్ దారిన ఐరోపా చేరి ల్యూట్ అయినది. 'అల్ ఊద్' అన్న మాటనుంచే ఆ పేరు వచ్చినది. ఇటలీ మాండలిన్ ఆ ల్యూట్ వంశంలోనిదే. అంటే మా కుర్రవాడు పరాయి ఇంటికి పోలేదు, తన వాద్యపు తాతగారింటికి వెళ్ళాడు!

మరునాడే వాళ్ళింటికి వెళ్ళి, నలుగురిలో అన్న మాటకు క్షమాపణ చెప్పుకొన్నాను. అతడు కూడా, "రానని ముందే చెప్పవలసింది మాస్టారూ" అన్నాడు. వెళ్ళే వాడికి చెప్పి వెళ్ళడం ధర్మం, ఉన్నవారికి చోటు అట్టే ఉంచడం ధర్మం. ఇప్పుడు గురువారం సాయంత్రం మన సాధన, శుక్రవారం వారి సాధన.

తాతలు ఓడ ఎక్కినపుడు ఊరివారు వారిని కూడా "వదిలేశారా?" అనే అడిగి ఉంటారు. వదలలేదు అనడానికి మనమే సాక్ష్యం. మన పిల్లలు ఎవరితో కలసి వాయించినా మన రాగం వారి వెంట ఉండాలని, వారి చోటు మన మధ్య ఎప్పుడూ ఉండాలని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.